నిలుపుదల గడియ

పల్లెల్లో నర్సులు ఎందుకు నిలవరన్నది మానవజాతి ముందున్న మహా ప్రశ్నల్లో ఒకటి. నర్సులనే అడిగితే ఇట్టే తేలిపోతుంది గనుక, అది శాస్త్రీయం కాదని ఆ పద్ధతి వదిలేసి, ఆదోనిలో సిబ్బంది నిలుపుదల మండలి పెట్టారు. (మండలిలోనే ఎవరూ నిలవక అధ్యక్షుడి కుర్చీ ఖాళీగా ఉంది.)

దేవనకొండ అవతల ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో నర్సు అర్షియా. ఎమ్మిగనూరు పిల్ల. ఆమెకు ఊరు నచ్చింది, పనీ నచ్చింది. అక్కడి కాన్పులన్నీ ఆమె చేతుల మీదే. ఆమె కోరింది ఒక్కటే, క్వార్టర్స్ తలుపుకు గడియ. తాగుబోతు ఒకడు తలుపు తోసినప్పటి నుంచి మంచం అడ్డం వేసుకుని పడుకుంటోంది. పడుకుంటోందే గానీ, కన్ను మూతపడితే ఒట్టు.

ఉప సంయుక్త నిలుపుదలాధికారి ఉచ్చీరప్ప ఎంతో సంతోషించాడు.

"గడియేనా తల్లీ? నేనింకా బదిలీ అడుగుతావనుకుంటి."

"గడియ బెట్టిస్తే యాడికీ పోను సార్. ఈడనే ఉంటా."

ఫైలు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయి, మళ్ళీ ఆదోని చేరింది. (ఫైళ్ళకు కోరినప్పుడల్లా బదిలీ దొరుకుతుంది.) ఈలోగా అర్షియా గుండె దిటవు చేయడానికి ఆమెకు శాలువా కప్పారు, 'స్థిర సేవారత్న' బిరుదిచ్చారు, ఆత్మవిశ్వాస శిక్షణకు పిలిచారు. అసలు తలుపు మనసులోనే ఉంటుందని అక్కడి ఉపన్యాసకుడు తేల్చేశాడు.

ఎట్టకేలకు వడ్రంగి సుంకప్ప వచ్చి గడియ బిగించాడు, తలుపుకు బయటి వైపు.

"బయట బెట్టినావేం సుంకప్పన్నా?"

"కాగితంలో అట్లనే ఉండాది మా. నర్సు పోకుండా గడియ అని. లోపల బెడితే నువ్వే గడియ తీసి పోతావు గదా."

అర్షియా ఉచ్చీరప్పకు ఫోన్ చేసింది.

"లోపలి గడియ రక్షణ కిందికి వస్తాది తల్లీ. అది వేరే సెక్షన్. మనది నిలుపుదల."

"అయితే దీన్నే పీకి లోపలికి మార్పించండి సార్."

"అది గడియ బదిలీ అయితాది. బదిలీలు ప్రస్తుతం నిలుపుదలలో ఉండాయి."

ఆ వారమే ఒక తెల్లవారుజామున ఆ తాగుబోతే తమాషాకు బయట గడియ వేసి పోయాడు. కాసేపటికి లింగమ్మ తన కోడలు పద్మను నొప్పులతో తీసుకొచ్చి ఆరోగ్య కేంద్రం వరండాలో పడుకోబెట్టింది. వెనకే ఉన్న క్వార్టర్స్ లోపల అర్షియా తలుపు బాదుతూనే ఉంది. పద్మ కేకల్లో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. బిడ్డ ఏడుపు తలుపు అవతలి నుంచి విని ఆమె కూలబడి ఏడ్చింది. లింగమ్మ వెతుక్కుంటూ వచ్చి గడియ తీసింది. తల్లికీ బిడ్డకూ ప్రాణభయం లేదని చూసుకుని, అర్షియా పొద్దున్నే బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మండలి వెంటనే కదిలింది. గడియకు తాళం వేయించి, పైకి నివేదిక పంపింది: "పథకం విజయవంతం. తాళం వేసిన నాటి నుంచి ఆ క్వార్టర్స్ విడిచి ఒక్క నర్సు కూడా పోలేదు."