వేరుశెనగ పొట్టు చేసిన కాలుష్యం

మా వీధి కుళాయిలో వచ్చేవి రంగు, రుచి, వాసన లేని స్వచ్ఛ జలాలు. ఇది నా అభిప్రాయం కాదు, జల స్వచ్ఛతా పర్యవేక్షణ కార్యాలయం వారి ధ్రువీకరణ. వారి తనిఖీ పత్రంలో ‘నీటి రంగు’ అన్న చోట ‘లేదు’ అనే మాట ముందే అచ్చయి ఉంటుంది. అధికారి కింద సంతకం పెడితే చాలు. (చూసి పెట్టాలన్న నిబంధన లేదు.)

ఆ స్వచ్ఛ జలాలు ఈ ఏడు మొదట్లో ఊదా రంగులో రావడం మొదలైంది. వీధి చివర బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ ఉంది. దానివల్ల మా పక్కింటి టైలరక్కకి ఒక సౌకర్యం కూడా ఉండేది. ఈ నెల కుళాయిలో వచ్చిన రంగు గుడ్డే వచ్చే నెల కుట్టుపనికి వస్తుంది కాబట్టి, దారపు ఉండలు ముందే తెచ్చి పెట్టుకునేది. అసౌకర్యమల్లా ఒక్కటే, ఆ నీళ్ళు పోసుకున్న ఆమె ఆరేళ్ళ కూతురికి ఒళ్ళంతా దద్దుర్లు. పెన్సిల్ పట్టుకున్న చేత్తోనే ఆ పిల్ల గోక్కుంటుంటే చూడలేక నేను కిటికీ మూసుకునేవాణ్ణి. సిగ్గుపడాల్సిన విషయమే.

టైలరక్క కిటికీ మూసుకునే రకం కాదు. నూనె మిల్లు వెనక గుట్టగా పారబోసిన వేరుశెనగ పొట్టు గోనెసంచి నిండా తెచ్చింది. కడిగి, ఎండబెట్టి, మూతపెట్టిన డబ్బాలో కాల్చి బొగ్గు చేసింది. డ్రమ్ములో అడుగున గులకరాళ్ళు, ఆపైన ఇసుక, దానిమీద ఆ బొగ్గు పొడి పరిచి, కుళాయి గొట్టం తగిలించింది. పైన ఊదాగా పడ్డ నీళ్ళు కింద తేటగా వచ్చాయి. నెల తిరక్కుండా పిల్ల చేతులు మామూలయ్యాయి.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. “బడి తొట్టికి కూడా ఒకటి పెడదాం తమ్ముడూ. ముందు ఆఫీసువాళ్ళకి చూపిస్తే మంచిది కదా” అంది. దరఖాస్తు రాసిచ్చింది నేనే.

తనిఖీ అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు, గుమ్మంలో ఆగి అడిగి మరీ లోపలికొచ్చాడు.

“ఇదేం చేస్తుందమ్మా?”

“నీళ్ళలో రంగు లాగేస్తుంది సార్.”

“నీళ్ళలో రంగు లేదు కదమ్మా” అని పత్రం తీసి చూపించాడు.

“మరి ఆ బకెట్లో ఉన్నదేంటి సార్?”

“మా పరిధి కుళాయి దాకానే.” (బకెట్లకు వేరే శాఖ ఉందట.)

డ్రమ్ములోంచి గుప్పెడు పొట్టు బొగ్గు తీసి పరీక్షకు పట్టుకెళ్ళాడు. పది రోజుల్లో నివేదిక వచ్చింది. పొట్టులో రంగు మందులు, సీసం ఉన్నవి. నీటిలో అవేవీ లేనట్టు ఇదివరకే ధ్రువీకరించబడినది. కనుక వీధిలోని కాలుష్యానికంతటికీ మూలం వేరుశెనగ పొట్టు. డ్రమ్మును స్వాధీనం చేసుకోవడమైనది.

“నేను నీళ్ళలోంచి తీసిందాన్ని నాకే అంటగడతారా సార్?” అంది టైలరక్క.

“మీ దగ్గరే దొరికింది కదమ్మా” అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుంటూ.

నలభై ఒకటో నిబంధన ప్రకారం, స్వాధీనం చేసుకున్న వస్తువును ఏ స్థితిలో పట్టుకున్నారో అదే స్థితిలో భద్రపరచాలి. పట్టుకున్నప్పుడు డ్రమ్ములో నీళ్ళు పారుతున్నాయి. అందుచేత ఆఫీసు వరండాలో దానికి కుళాయి బిగించారు. పారే నీళ్ళు వృథా చేయడం ఇంకో నిబంధనకు విరుద్ధం కాబట్టి సిబ్బంది వాటినే తాగుతున్నారు. కడుపునొప్పి సెలవులు బాగా తగ్గాయని గుమస్తా నాతో సంతోషంగా చెప్పాడు.

ఇక్కడ పిల్లకి దద్దుర్లు మళ్ళీ మొదలయ్యాయి. టైలరక్క ఈసారి ఫిర్యాదు పెట్టింది. నిన్న జవాబు వచ్చింది. ఆమె కళ్ళజోడు కనిపించక నన్ను చదవమంది. పిల్ల పక్కనే నిలబడి మోచెయ్యి గోక్కుంటోంది.

“మీ ఫిర్యాదు మేరకు మా కార్యాలయపు నీటిని పరీక్షించితిమి. తేటగా ఉన్నవి. మీ వీధికీ మాకూ పైపు ఒక్కటే గనుక మీ నీళ్ళూ తేటగానే ఉన్నట్టు నిర్ధారించడమైనది. గమనిక: సాక్ష్యంగా ఉంచిన డ్రమ్ములో పొట్టు పాతబడి, రెండు రోజులుగా నీళ్ళు ఊదాగా వస్తున్నవి. నిందితురాలు బుధవారంలోగా వచ్చి మార్చవలెను.”