రెండు అక్షరాలు, ఎనిమిదేళ్ల అనుభవం

సహస్రఫణి టెక్నాలజీస్ సంస్థలో అనుభవం లేనివాడు ఒక్కడంటే ఒక్కడు లేడని పాఠకులకు మనవి. అమీర్‌పేట మెట్రో స్టేషన్ ఎదుటి సందులో, కింద జిరాక్స్ షాపు, మధ్యలో మూడు కోచింగ్ సెంటర్లు, వాటి నెత్తిన నాలుగో అంతస్తులో ఉన్న ఈ సంస్థలో ఇరవై ఇద్దరు పనిచేస్తారు. మొబైల్ యాప్‌లు తయారుచేయడం వీళ్ల వృత్తి. అందరి అనుభవం కలిపితే నూట డెబ్బై ఆరేళ్లు. వాళ్లలో కొందరు చేత్తో మొబైల్ పట్టుకోకముందే మొబైల్ యాప్‌లు రాసిన ఘనులు.

మన భానుచందర్ సంగతే తీసుకోండి. వయసు ఇరవై నాలుగు, అనుభవం ఎనిమిదేళ్లు. సిరిసిల్లలో ఇంటర్ మొదటి ఏడు చదువుతూనే, ఊరు కదలకుండానే, సింగపూర్‌లో ఒక బ్యాంకుకు అతను యాప్ రాసిపెట్టినట్టు రెజ్యూమెలో ముద్రించి ఉంది. ఆ ఎనిమిదేళ్లనూ కింది అంతస్తులో కోచింగ్ సెంటరుతోపాటే నడిచే, రెజ్యూమెలు వండి ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీవాళ్లు ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి ప్రసాదించారు. నిజానికి అతను నేర్చుకున్నదల్లా అదే మెట్ల పక్క కోచింగ్ సెంటర్లో నాలుగు నెలలు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సందులో దొరలకు కొదవ లేదు.

దొరతనానికి ఒకటే నియమం. ఎవరినీ ఏమీ అడగకూడదు. అడిగినవాడికి తెలియదని అర్థం, తెలియదంటే అనుభవం లేదని అర్థం. అందుకని సహస్రఫణిలో పదేళ్ల అనుభవమున్నవారు ఎనిమిదేళ్లవారిని అడగరు, ఎనిమిదేళ్లవారు ఎదుటివారి కళ్లలోకే చూడరు. ఆఫీసు చాలా ప్రశాంతంగా ఉండేది.

ఆ ప్రశాంతతను పంజగుట్టలోని ఒక క్లినిక్ చెడగొట్టింది. డాక్టర్ రాసిన మందులన్నీ రోగి ఫోన్‌లో తెలుగులో కనబడాలని ఆ క్లినిక్ యాప్ అడిగింది. సంస్థ ఇచ్చింది. క్లినిక్ హాల్లో జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పుకుని ప్రారంభోత్సవం కూడా చేశారు. చిన్న లోపం ఒకటి మిగిలింది. ఎన్ని గోళీలు రాసినా, ఏ వేళకు రాసినా, తెరమీద అన్నీ కలిసి ఒకే ముద్దగా వచ్చేవి. ఒక మందు పూర్తికాగానే మరో మందు కొత్త వరుసలో మొదలు కావాలన్న సౌకర్యం, ఆ వృత్తివాళ్ల భాషలో లైన్ బ్రేక్, అందులో లేదు.

దీనికోసం మేనేజర్ మంజూష అధ్యక్షతన లైన్ బ్రేక్ సాధ్యాసాధ్యాల పరిశీలనా కమిటీ ఏర్పడింది. కమిటీ మొదటి సమావేశంలో ఎండీ కేదార్ ప్రసంగించారు.

"మిత్రులారా! లైన్ బ్రేక్ అంటే ఖాళీ జాగా అనుకునేరు. అదొక విజన్. ఇవ్వాళ మనం ఒక లైన్‌ను విరుస్తున్నం. రేపు ఇండస్ట్రీ రికార్డులే విరుస్తం!"

చప్పట్లు కొట్టారు. ఎలా విరవాలో మాత్రం ఎవరూ అడగలేదు. నియమం తెలిసిందే కదా.

కమిటీ కష్టపడలేదని అనడం పాపం. తొమ్మిదేళ్ల అనుభవమున్న ఒకాయన, మందు పేరు తర్వాత నలభై మూడు ఖాళీలు కొడితే తర్వాతి మందు దానంతటదే కింది వరుసలోకి పడుతుందని కనిపెట్టాడు. ఆయన ఫోన్‌లో పడింది. పెద్ద ఫోన్లలో పడలేదు, చిన్న ఫోన్లలో మాట మధ్యలో విరిగి పడింది. అందరూ ఆయన మోడల్ ఫోనే కొనుక్కోవాలని రోగులకు సూచించవలసిందిగా తీర్మానం జరిగింది. పన్నెండేళ్ల అనుభవమున్న మరొకాయన సమస్య మూలానికే వెళ్లాడు. రోగికి ఒకే గోళి రాస్తే ఈ గొడవే ఉండదు గనుక డాక్టర్లకు ఆ మేరకు లేఖ రాయమన్నాడు. రాశారు.

క్లినిక్ కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. కౌంటర్లో కూర్చునే జానకీదేవిగారు ఒక్కో రోగికీ బొట్టుబిళ్లల అట్ట ఉచితంగా ఇచ్చి, మందుకూ మందుకూ మధ్య తెరమీద ఒక బిళ్ల అంటించుకోమని చెప్పేవారు. "ఏమీ కంగారు పడకండి, నీట్‌గా కనిపిస్తుందండి" అని ధైర్యం కూడా చెప్పేవారు. వేలితో తెర పైకి జరిపితే బిళ్లలు ఉన్నచోటే ఉండేవి, గోళీలు కదిలిపోయేవి. యాప్‌తో రోగి బంధం పెరిగిందని దీన్ని నెలవారీ నివేదికలో విజయం కింద చేర్చారు.

ఇంతకూ భానుచందర్ బాధ వేరు. అతనికి జవాబు తెలుసు. ఒక మందునూ ఇంకో మందునూ కలిపేచోట ఖాళీకి బదులు రెండే రెండు అక్షరాలు పెట్టాలి. ఒక వాలుగీత, దాని పక్కన ఇంగ్లీషు చిన్న ఎన్. అవి కనబడగానే ఫోన్ కొత్త వరుస మొదలుపెడుతుంది. కోచింగ్ సెంటర్లో మొదటి రోజు, మొదటి గంటలో, ఫ్యాన్ తిరగని గదిలో కృష్ణమోహన్ సార్ చెప్పిన పాఠం అది. సరిగ్గా అదే ప్రమాదం. మొదటి రోజు పాఠం ఇంకా గుర్తున్నదంటే ఆ మొదటి రోజు నిన్నమొన్నటిదని తేలిపోతుంది. ఎనిమిదేళ్లయినవాడు మరచిపోయి ఉండాలి. తెలిసినందుకు ఉద్యోగం ఊడే చోట భానుచందర్ మూడు వారాలు నోరు కుట్టుకుని, కమిటీలో గంభీరంగా తలాడిస్తూ కూర్చున్నాడు.

ఇంకా మూడు నెలలైనా అలాగే కూర్చునేవాడే. కానీ ఆ క్లినిక్‌లో అతని తల్లి దేవవ్వ పేరు కూడా ఉంది. బల్కంపేటలో ఒక్క గది అద్దె ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టే ఆమెకు బీపీ, షుగర్, థైరాయిడ్ మూడూ ఉన్నాయి. "నా కొడుకు చేసిన యాప్" అని వాడకట్టులో ఇంటింటికీ చూపించి మరీ అందులో చూసే మందులు వేసుకునేది. ఒకరోజు పొద్దున మిషన్ తొక్కుతూ తొక్కుతూ పక్కకు ఒరిగిపోయింది. పక్కింటి రుద్రమ్మ చక్కెర నీళ్లు తాగించాక కళ్లు తెరిచింది.

"ఏమైందే అమ్మా?" అని పరుగున వచ్చిన కొడుకు అడిగాడు.

"ఏం లేదు బిడ్డ. షుగర్ గోళి రెండుసార్లు మింగినట్టున్న. అన్ని ఒక్క తాననే ఉన్నయి గద, ఏది యాడ అయిపోయిందో సమజ్ కాలే. తప్పు నాదేలే, నాకు చదువు జర తక్వ."

భానుచందర్‌కు తప్పు ఆమెది కాదని చెప్పడానికి కూడా ధైర్యం చాలలేదు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ మధ్యాహ్నం అందరూ కిందికి మిర్చి బజ్జీలకు దిగినప్పుడు అతను తన సీట్లో కూర్చుని ఆ రెండు అక్షరాలూ కొట్టి, యాప్‌ను కొత్తగా విడుదల చేసేశాడు. బజ్జీలు చల్లారకముందే బల్కంపేటలో దేవవ్వ ఫోన్‌లో మూడు మందులూ మూడు వరుసల్లో బుద్ధిగా నిలబడ్డాయి.

మరునాడు సంస్థలో కల్లోలం రేగింది. సమస్య పరిష్కారమైపోయిందని క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. కమిటీకి తెలియకుండా సమస్య పరిష్కారం కావడం సంస్థ చరిత్రలో ఇదే తొలిసారి. ఎవరు చేశారో కంప్యూటరే చూపించింది గనుక భానుచందర్‌ను సమావేశ మందిరంలో నిలబెట్టారు.

"ఎంత టైమ్ పట్టింది?" అన్నారు కేదార్.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు భానుచందర్. నిజం చెప్పడం అతనికి అలవాటు లేని పని.

ఇరవై ఒక్క మంది అనుభవజ్ఞులు అతన్ని జాలిగా చూశారు.

"ఏంటి భానుచందర్, ఇంత సింపుల్‌గా చేసేస్తారా?" అని మంజూష నొచ్చుకుంది. "కమిటీ ఇంకా మూడో దశలోకే రాలేదండీ."

కేదార్ కుర్చీ ముందుకు జరిపారు. "ఎనిమిదేండ్ల మనిషికి నిమిషంల ఎట్లయితది? ఫ్రెషర్‌కే అయితది గట్ల. నిజం చెప్పు భాయ్, ఏ కోచింగ్ బ్యాచ్ నీది?"

భానుచందర్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఈ ఉద్యోగం పోతే బల్కంపేట గది ఉండదు, తల్లి మిషన్ ఇంకా ఎక్కువ తొక్కాలి. తనను తాను రక్షించుకునే మాట ఒకటి ఎక్కడినుంచో దానంతటదే నాలుకమీదికి వచ్చింది. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో అతనికే భయమేసింది.

"సార్, కొట్టుడు నిమిషమే. ఆలోచన మూడు వారాలు. అయినా అదంత ఉత్త టెంపరరీ సార్. మొత్తం ఆర్కిటెక్చర్ స్టడీ చెయ్యకుంట లైన్లు విరగ్గొడితే మస్తు రిస్కు. నా సలహా ఏందంటే, పెట్టింది తీసేద్దాం. ఆరు నెలలు స్టడీ చేసి, అప్పుడు పెడదాం."

అందరి ముఖాల్లోకీ నెత్తురు తిరిగి వచ్చింది. పన్నెండేళ్ల అనుభవమాయన లేచి వచ్చి చేయి పట్టుకుని ఊపాడు. మొదట చప్పట్లు కొట్టింది మంజూషే.

"గిదీ అనుభవమంటే!" అని కేదార్ ప్రకటించారు. ఆ సాయంత్రానికల్లా భానుచందర్ లైన్ బ్రేక్స్ విభాగానికి అధిపతి అయ్యాడు. అధిపతిగా అతని మొదటి ఉత్తర్వు తన రెండు అక్షరాలనూ తొలగించమని. దాన్ని నిమిషంలో అమలు చేయగలిగేవాడు వేరే లేడు గనుక తొలగించింది కూడా అతనే.

కాసేపటికి తల్లి ఫోన్ చేసింది.

"బిడ్డ, మల్ల అన్ని ఒక్క తాననే కలిసినయి."

"యాప్‌ల కంప్లయింట్ ఇయ్యమ్మా. నంబరొస్తది."

"పెద్ద సార్‌గ ప్రమోషనొచ్చిందని నువ్వే గద మెసేజ్ పెట్టినవ్? నువ్వే జర సరిచెయ్యరాదు?"

"పెద్ద సార్నైన గదమ్మా, ఇప్పుడు నేనెట్ల చేస్త?"

దేవవ్వకు అర్థమైంది. చదువు తక్కువైనా లోకజ్ఞానం ఉన్న మనిషి. ఫోన్ పెట్టేసి, కొడుకు పెద్దవాడైనందుకు వాడకట్టంతా తిరిగి లడ్డూలు పంచింది. అందరూ సంతోషించారు, అదృష్టవంతురాలివన్నారు, లడ్డూ బాగుందన్నారు. ఆ పూట గోళి వేసుకున్నావా, ఏది వేసుకున్నావు అని ఒక్కరూ అడగలేదు. అక్కడుంటే మీరూ నేనూ కూడా అడిగేవాళ్లం కాదు. మనకూ ఇన్నేళ్ల అనుభవం ఉంది కదా మరి.