పాముకు చాలని గది

ప్రతి ఇంట్లోనూ ఒక పాము ఉండి తీరాలి!

ఉలిక్కిపడకండి. ఆదివారం రెండు పూటలా చర్చికి వెళ్లే మనిషి, ఆ ప్రాణి మన మొదటి తల్లిదండ్రులకు చేసిన ఉపకారం ఎరిగిన మనిషి, ఈ మాట అంటున్నాడేమిటని మీకు అనుమానం రావచ్చు. నాకూ మొదట్లో వచ్చింది. కానీ ఏడాదిన్నరగా పాముతో కాపురం చేస్తున్నవాణ్ణి. అనుభవం మీద చెబుతున్నాను. ఒక ప్రాణి గౌరవంగా బతకాలంటే ఏమేం కావాలో నాకు బడిలో చెప్పలేదు, చర్చిలో చెప్పలేదు, పురపాలక సంఘం వారు అసలే చెప్పలేదు. పాము వచ్చాకే తెలిసింది.

మా పాము బోవా జాతిది, కొండచిలువ లాంటిది. పొడవు ఒక మీటరు తొంభై సెంటీమీటర్లు. పేరు బెప్పీ. చనిపోయిన మా పెద్దత్త పేరు కూడా బెప్పీయే. ఆవిడా అంతే, వెచ్చటి మూల చూసుకుని కూర్చుంటే భోజనం పెట్టినా కదిలేది కాదు. అందుకని పేరు మార్చమని నేను పట్టుబట్టలేదు.

అది మాకు ఊరికే వచ్చింది. లోకంలో అల్లుళ్లు అత్తవారింటికి పూలు పట్టుకొస్తారు, చీజు పట్టుకొస్తారు. మా అల్లుడు రెన్స్ మా అమ్మాయి మార్లీస్‌ని చేసుకున్న నెలకు పామును దిండు గలీబులో వేసుకుని బస్సులో తెచ్చాడు.

"ఒక్క సెంటు అడగను మావయ్యా. ఊరికే ఉంచుకోండి," అన్నాడు.

మా దేశంలో 'ఊరికే' అన్న మాట చెవిన పడితే పాడె మీద శవం కూడా లేచి సంచీ తెరుస్తుంది. నేను బతికే ఉన్నాను గదా! "సరే" అన్నాను. మా ఆవిడ క్రీనా నా వైపు ఎలా చూసిందో ఇక్కడ రాయను. ఈ పత్రిక పిల్లలు కూడా చదువుతారు.

ఊరికే వచ్చిన పాముకు మొదట కావలసింది గాజు పెట్టె. రెండు మీటర్ల పొడవుది దుకాణాల్లో ఉండదు, చేయించాలి. ఆరు వందల ఎనభై యూరోలు. పెట్టెలో ఒక పక్క ముప్ఫై రెండు డిగ్రీలు, ఇంకో పక్క ఇరవై ఐదు ఉండాలి కాబట్టి వేడి దీపం, దాన్ని అదుపులో ఉంచే థర్మోస్టాట్, తేమ కొలిచే మీటరు. నూట తొంభై. కింద పరిచే చెట్టు బెరడు, ఎక్కడానికి కొమ్మ, మునగడానికి తొట్టి, తూచడానికి త్రాసు. పాముకు తూకమెందుకని అడిగితే, బరువు తగ్గితే డాక్టరుకు చూపించాలట. బరువు తగ్గింది, చూపించాం. డాక్టరు దాని నోరు తెరిచి చూసి, మూసి, తొంభై ఐదు యూరోలు తీసుకుని, "బాగానే ఉంది" అన్నాడు.

తిండి మాటకొస్తే, గడ్డకట్టించిన ఎలుకలు. డబ్బాకు పది. మా ఫ్రీజర్‌లో బఠాణీలకూ ఐస్‌క్రీముకూ మధ్య అరలో ఉంటాయి. దీనివల్ల ఎంత లాభమో చూడండి! మా ఇంట్లో ఇప్పుడు ఐస్‌క్రీము ఎవరూ అడగరు. నా షుగరు అదుపులోకి వచ్చింది. పుట్టినరోజుకు గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుని, కాఫీ మీద కాఫీ తాగి, పోయినేడు కేకు ముక్క ఇంతకంటే పెద్దదిగా ఉందని గుర్తుచేసే మా వదిన ఏడాదిన్నరగా గుమ్మం తొక్కలేదు. పాము లేని రోజుల్లో ఈ వరం కోసం ఎన్ని ప్రార్థనలు చేశానో ఆ దేవుడికే తెలుసు!

ఇక వెచ్చదనం. గ్యాసు ధర పెరిగినప్పటి నుంచి ఇంట్లో హీటరు పదిహేడు డిగ్రీలకు మించి పెట్టుకోవడం లేదు. నేను రెండు స్వెటర్లు, క్రీనా శాలువా. బెప్పీకి ముప్ఫై రెండు. రాత్రి భోజనమయ్యాక బైబిలు చదవడానికి మేమే మేడ మీద దాని గదికి వెళ్తాం. ఒకప్పుడది మార్లీస్ గది. పెట్టె పక్కన కుర్చీ వేసుకుంటే వీపుకు హాయిగా ఉంటుంది, కిటికీలోంచి వెనక పచ్చిక బయలు, గొర్రెలు కనబడతాయి. ఆ బయలు అలాగే మిగిలినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకోని రోజు లేదు.

కానీ నేను చెప్పదలచుకున్న అసలు వరం ఖర్చుల్లో లేదు. ఫెన్నా గారి టేపులో ఉంది.

ఫెన్నా గారు పాములు పెంచేవారి సంఘం తరపున ఇళ్లు చూసి వెళ్లే మనిషి. యాభై ఏళ్లుంటాయి. సైకిలు మీద వస్తారు, కాఫీ ఇస్తే తాగరు. మా అల్లుడు ఆ సంఘంలో సభ్యుడు. పాము చేతులు మారితే కొత్త చోటు తగినదో కాదో వాళ్లు వచ్చి చూడాలని నియమం. మా దేశంలో నియమం ఉంటే దాన్ని పాటించేవాళ్లు కూడా ఉంటారు, అదే మా గొప్ప.

ఆవిడ వస్తూనే టేపు తీసి పెట్టె కొలిచారు.

"రెండు మీటర్లు. మంచిది. పాము తిన్నగా ఒళ్లు చాపుకోగలగాలండీ. అది దాని హక్కు."

"మరి దాక్కోవడానికి చోటు?" అంటూ లోపలికి తొంగి చూశారు. "ఒకటి చాలదండీ. వెచ్చగా ఒకటి, చల్లగా ఒకటి కావాలి. ఎప్పుడెక్కడ ఉండాలో అది ఎంచుకోవాలి. ఎవరి కంటా పడకుండా కాసేపు ఉండలేకపోతే ఏ ప్రాణైనా బెంగ పెట్టుకుంటుంది. గోడకు బూజు గానీ చెమ్మ గానీ ఉందా? పక్కింటి చప్పుళ్లు?"

"మనుషులకైతే ఇన్ని అడగరేమో," అంది క్రీనా.

"మనుషులు నోరున్నవాళ్లమ్మా. అడుక్కుంటారు," అన్నారు ఫెన్నా గారు. తరవాత కాగితం మీద టిక్కులు పెడుతూ మామూలుగా అన్నారు. "అసలు దీన్ని అక్కణ్ణుంచి తీయించింది నేనే. ఉట్రెక్ట్‌లో మీ అల్లుడి గది చూశాను. పద్నాలుగు చదరపు మీటర్లు, కిటికీ నిండా బూజు. పాముకు పనికిరాదని రాసిచ్చాను."

"ఆ గదిలో మా అమ్మాయి కూడా ఉందండీ," అన్నాను.

"చూశాను. మంచి పిల్ల," అన్నారు. మనుషులకు టిక్కు పెట్టే గడి ఆ కాగితంలో లేదు, పాపం.

మా మార్లీస్ ఉట్రెక్ట్‌లో ఆసుపత్రి నర్సు. రెన్స్ ట్రాము నడుపుతాడు. ఇద్దరూ పని చేస్తారు, ఇద్దరూ తాగరు. నెలకు పదకొండు వందల యాభై యూరోల అద్దె కట్టి, పాముకు పనికిరాని గదిలో ఉంటున్నారు. మంచం గోడకు మడిచి పెట్టేది. స్నానాల గది అయిదుగురి ఉమ్మడి. ఎవరి కంటా పడకుండా ఉండే చోటు కావాలంటే ఆ అయిదుగురిలో మిగతా ముగ్గురూ ఊరెళ్లాలి.

"మంచం దింపితే తలుపు తెరుచుకోదు నాన్నా," అని ఫోనులో పకపకా నవ్వింది మార్లీస్. "పొద్దున మొదటి ట్రాముకు ఈయన బయల్దేరాలంటే నేను లేచి మంచం ఎత్తాలి. నన్ను ఇంకో పది సెంటీమీటర్లు పొట్టి కాళ్లతో కనాల్సింది నువ్వు!"

ఆ నవ్వు కిందటి సెప్టెంబరు నాటిది. వచ్చే ఏప్రిల్‌లో ఆమెకు పురుడు. ఇప్పుడు ఆ నవ్వు లేదు.

"తొట్టె ఎక్కడ పెట్టుకుంటావమ్మా?" అని అడిగింది క్రీనా మొన్న.

"తొట్టె లోపలుంటే మేం బయటుండాలమ్మా. వంతులు వేసుకుంటాంలే."

పామును పంపేసి పిల్లను తెచ్చుకోకూడదా అని మీరు అడుగుతారు. అడగండి, మేమూ అడిగాం. చవక అద్దె ఇళ్లిచ్చే ఆఫీసులో మార్లీస్ పేరు నమోదై తొమ్మిదేళ్లయింది. ఆ ఆఫీసు ఆవిడ విషయం స్పష్టంగా చెప్పింది. "తల్లిదండ్రుల ఇంటికి వెళ్లారంటే మీకు ఇల్లు దొరికినట్టే కదమ్మా! ఇక అత్యవసరం ఏముంటుంది?" పోనీ ఇప్పుడుందా అత్యవసరం? "మీరు రోడ్డు మీద లేరు కదా!" లోపలుంటే లోపలున్నారని ఇవ్వరు, మా ఇంటికొస్తే మా ఇంట్లో ఉన్నారని ఇవ్వరు. చెట్టు మీద కూర్చుంటే ఇస్తారేమో అడగాలి.

మా చర్చి పెద్ద మారినుస్ గారు ఏడాదికోసారి మా ఆత్మల క్షేమం కనుక్కోవడానికి ఇంటికి వస్తారు. కిందటి నెల వచ్చారు. జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి నోట్లో వేసుకుని, మా గోడు అంతా విన్నారు.

"ఓపిక పట్టు తమ్ముడూ. మన ప్రభువు పుట్టింది పశువుల తొట్టిలో కాదూ?"

"నిజమేనండీ. కానీ ఆ తొట్టికి పదకొండు వందల యాభై అద్దె ఎవరూ వసూలు చేయలేదనుకుంటాను," అన్నాను.

ఆయన బిళ్ల కొరికేశారు. మామూలుగా ఆయన చప్పరిస్తారు. వెళ్తూ వెళ్తూ పామును చూడొచ్చా అని అడిగి, మేడెక్కి, గాజు పెట్టెలో ఒళ్లు చాపుకుని నిద్రపోతున్న బెప్పీని చూసి, "ఎంత ప్రశాంతంగా ఉంది!" అని మురిసిపోయారు. ఉండదూ మరి? నోరు లేని ప్రాణి కదా, దాని తరపున మాట్లాడేవాళ్లున్నారు!

ఈ నెల మొదట్లో ఫెన్నా గారు ఏడాది తనిఖీకి మళ్లీ వచ్చారు. ఈసారి నేను పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"ఏదైనా ప్రాణి తగని చోట ఉందని తెలిస్తే మీరేం చేస్తారండీ?"

"ఫారం పంపండి. రెండు వారాల్లో మంచి చోటుకు మారుస్తాం."

"ఆ ప్రాణి కడుపుతో ఉంటే?"

"అయ్యో! అయితే అన్నిటికంటే ముందు దానిదే," అన్నారు ఆవిడ. "బోవాలు గుడ్లు పెట్టవండీ, పిల్లల్నే కంటాయి. ఆ సమయంలో దాన్ని ఇరుకులో ఉంచడం పాపం."

పాపం! పోయిన పదేళ్లలో ఇళ్ల విషయంలో ఆ మాట నేను ఒక్క ఆఫీసులోనూ వినలేదు. పాముల సంఘంలో విన్నాను.

ఆవిడ వెళ్లగానే ఫారం నింపాను. పొడవు: ఒక మీటరు డెబ్భై నాలుగు. స్వభావం: శాంతం, ఇళ్ల ఆఫీసు వాళ్లు లైనులో ఉండమని ఫోనులో గంటసేపు సంగీతం వినిపిస్తే మాత్రం బుస కొడుతుంది. ఆహారం: అన్నీ తింటుంది, ఈ మధ్య పొద్దున్నే ఊరవేసిన చేప అడుగుతోంది. కడుపుతో ఉందా: ఉంది. ప్రస్తుత నివాసం: పద్నాలుగు చదరపు మీటర్లు, బూజు, తగదని మీ తనిఖీదారే రాసిచ్చారు, మీ దస్త్రాలు చూసుకోగలరు.

ఇళ్ల ఆఫీసు తొమ్మిదేళ్లుగా జవాబు రాయలేదు. పాముల సంఘం నాలుగో రోజున రాసింది!

"మీ దరఖాస్తు అందింది. మీరు పేర్కొన్న జాతి మా జాబితాలో లేనందుకు విచారిస్తున్నాం. అయినా ఆ కొలతల గదిలో ఏ ప్రాణినీ ఉంచరాదు. ఇందుకు బాధ్యులైనవారి పేరు కింది గీత మీద రాసి పంపితే, తగిన హెచ్చరిక పంపుతాం."

కాగితం పట్టుకుని బెప్పీ గదిలో కూర్చున్నాను. ఎవరి పేరు రాయాలి? గది అద్దెకిచ్చిన పెద్దమనిషిదా? ఆఫీసు ఆవిడదా? ఆవిడ పాపం జీతానికి పని చేసేది. మంత్రులదా? వాళ్లు నాలుగేళ్లకోసారి మారతారు, సిరా ఆరేలోగా పేరు తప్పవుతుంది.

తల ఎత్తి కిటికీలోంచి చూశాను. పచ్చిక బయలు. గొర్రెలు. మూల మీద చిన్న నీటి గుంట.

తొమ్మిదేళ్ల కిందట ఆ బయల్లో ముప్ఫై ఇళ్లు కడతామన్నారు. చవక అద్దె, మా ఊరి పిల్లలకే ముందు. ఆ ఇళ్లు వద్దని సంతకాలు పెట్టించడానికి మారినుస్ గారు ఇంటింటికీ కాగితం పట్టుకుని వచ్చారు. "ఆ గుంటలో అరుదైన జాతి కప్ప ఉందట తమ్ముడూ. దేవుడి సృష్టి. కాపాడుకోవాలి," అన్నారు. కప్పను ఆయన చూడలేదు. నేనూ చూడలేదు. ఇంతవరకు ఎవరూ చూడలేదు. గొర్రెలు మాత్రం అందరికీ కనబడతాయి, మేడ మీది కిటికీలోంచి మరీ అందంగా కనబడతాయి. ఆ కాగితం మీద నాది నాలుగో సంతకం.

ఆ వారమే మార్లీస్ ఇళ్ల ఆఫీసులో పేరు రాయించుకుని, చీటీ పట్టుకుని ఇంటికొచ్చింది. "నాన్నా, మన వెనకాల ఇళ్లు కడతారట కదా!" అంది.

"కట్టరులే తల్లీ. ఆపించేశాం!" అన్నాను, ఎంతో సంతోషంగా.

పాముల సంఘం వారు ఒక్క గీతే ఇచ్చారు. కొలిచి గీసినట్టు నా పేరు దాని మీద సరిగ్గా పట్టింది.