తల వంచని వ్యూఫైండరు

చీకటిగదిలో సూదిబెజ్జమంత సందు దొరికినను చాలు, లోకమునెల్ల తలక్రిందుగా గోడపై చిత్రింపగల ఓ వెలుగా! కృష్ణవేణి కడలిలో కలియు సీమయందు, ఉప్పుగాలికి గేటు గడియలే కాక మనుజుల మోకాళ్ళును తుప్పుపట్టునట్టి మచిలీపట్టణమున, శ్రావణమాసపు టొకానొక ఆదివారమున, ఆరాధన ముగిసి భక్తజనులు చెప్పులు వెదకుకొను వేళ, చర్చి ఆవరణమున చెలరేగిన మహాసంగ్రామమును వినిపింపుము.

తత్సంగ్రామ నాయకుడు ఎలీషా గారు. కోర్టు సూపరింటెండెంటు పదవి నలంకరించి విశ్రాంతి గైకొన్న సంఘపెద్ద. ఇస్త్రీ మడత చెదరని ధవళవస్త్రధారి. ఆయన సంపాదించిన మీడియం ఫార్మాట్ ఫిలిం కెమెరాకు మొండెము మాత్రమే కలదు. వెలుగును లోనికి గొనుటకు లెన్సు లేదు. తొంగిచూచుటకు వ్యూఫైండరు లేదు. ఆ కబంధమును బీరువాపై నుంచి, భార్య షీబా గారు “మీ ఇటుక” అని ప్రతి శనివారము దుమ్ము దులుపుచుండిరి.

అయినను స్త్రీల సమాజపు స్వర్ణోత్సవ ఛాయాచిత్రమును, చర్చిగోడపై శాశ్వతముగా వ్రేలాడవలసిన దానిని, ఫిలిముపై తానే తీయుదునని ఎలీషా గారు సంఘసభలో భీషణప్రతిజ్ఞ చేసియుండిరి. నేడు తప్పినచో ఆ గోడ ఆయన చెల్లెలి భర్తయు, సెల్‌ఫోను ధారియు నగు హనోకు వశమగును. హనోకు వేపచెట్టు నీడన చేరి, చిరునవ్వుతో పొంచియుండెను.

“బావగారూ, ఒక్క నొక్కు నొక్కితే అయిపోద్దండీ. ఇళ్ళ దగ్గర పప్పు అడుగంటుతోంది.”

“హనోకూ! తృటిలో పుట్టినది తృటిలో గిట్టును. గోడపై తరతరములు నిలువవలసినది ఫిలిముపైననే పుట్టవలెను!” అని ఎలీషా గారు గర్జించిరి.

అంతట గుడివాడలో తండ్రిగారి స్టూడియోను మూసివేసి సరుకును అమ్ముకొనుచు, ఎలీషా గారి పిలుపుపై వచ్చిన సతీష్, బల్లపై తువ్వాలు పరచి, ఆయుధములను వరుసగా నిలిపెను: పొడుగు లెన్సు, పొట్టి లెన్సు, బరువైన ప్రిజం ఫైండరు, తేలికయైన మడత ఫైండరు. ఒక లెన్సు, ఒక ఫైండరు. అంతకుమించి యింటికి రారాదని షీబా గారి శాసనము.

ఎలీషా గారు టార్చి వెలుగున లెన్సులను శోధించిరి. పొడుగుది స్ఫటికసదృశము. పొట్టిదాని గర్భమున నొక ధూళికణము తారవలె మెరసెను.

“దుమ్ము ఫోటోలో పడదండీ. బూజైతేనే తంటా,” అనెను సతీష్.

“నిష్కళంకయైన దానిని విడిచి, కళంకితను వరింతునా?” అని పలికి, ఎలీషా గారు పొడుగు లెన్సును తన కెమెరాకు సంధించి, ప్రిజమును దాని శిరస్సున నిలిపి, సమాజము నెదుర్కొనిరి. హతవిధీ! నలుగురే కనిపించిరి. జీవితమున వెనుకంజ యెరుగని యా ధీరుడు ఒక్కొక్క యడుగే వెనుకకు వేసి, ప్రహరీగోడకు వీపు తాకువరకు వచ్చెను. అప్పటికిని ఆరుగురే.

“ఇంకా వెనక్కెళ్తే బందరు కాలవలో పడతారండీ,” అని షీబా గారు హెచ్చరించిరి.

అభిమానమును దిగమింగి ఎలీషా గారు పొట్టి లెన్సును గైకొనిరి. సమాజమంతయు, అంచున నిలిచిన స్థూలకాయురాలు ప్రభావతమ్మతో సహా, చట్రమున నొదిగెను. కాని ప్రిజము రుబ్బురోలువలె బరువై యుండుటచే కెమెరా కంటినుండి గడ్డమునకు జారెను. ఆయన దానిని త్రోసిపుచ్చి, మడత ఫైండరును బిగించి, కెమెరాను బొజ్జకు ఆనించి, పైనుండి అందులోనికి చూచుటకై తల వంచిరి.

తక్షణమే సమాజమంతయు తలలు వంచి, కొంగులు కప్పుకొని, కన్నులు మూసెను.

ఏలయన, ఆ సంఘమున కొత్త స్కూటరు కొన్నను, గ్యాసుపొయ్యి మార్చినను, ఎలీషా గారు తల వంచిరనగా ప్రార్థన మొదలైనట్లే.

“కనులు తెరువుడు! నేను ప్రార్థించుట లేదు!”

తెరచిరి. ఆయన మరల వంచిరి. మరల మూసిరి. చెట్టు క్రింద హనోకు అలవాటు చొప్పున “ఆమెన్” అనెను.

“ప్రభావతమ్మా! మీరైనను...”

“నన్నేం చెయ్యమంటారు బాబూ? పెద్దయ్యగారు తల దించితే కళ్ళు వాటంతటవే పడిపోతాయి. మా చేతుల్లో ఉందా?”

“ఆయన తల దించేది దేవుడి ముందే గదా!” అని షీబా గారు కొంగు చాటున నవ్విరి. “ఇంకెక్కడా చూళ్ళేదు మేము.”

హనోకు సెల్‌ఫోనును పైకెత్తెను.

ఆ క్షణమున ఎలీషా గారి నేత్రము లరుణించినవి. మడత ఫైండరును సతీష్ చేతబెట్టి, త్రోసిపుచ్చిన ప్రిజమునే మరల బిగించి, ఉచ్ఛ్వాసము నాపి, ఆ మహాభారమును కంటివరకు ఎత్తి, తల నిటారుగా నిలిపి, “ఎవ్వరును ప్రార్థింపరాదు!” అని ఆజ్ఞాపించి, మీట నొక్కిరి. ఢమాలున శబ్దము మిన్నుముట్టెను; గోపురముపై పావురములు లేచిపోయినవి.

“వచ్చిందాండీ?” అని హనోకు ఫోను జేబులో పెట్టుకొనుచు నడిగెను.

“వచ్చింది బావా,” అనిరి ఎలీషా గారు, గ్రాంథికము నశింపగా.

“అమ్మయ్య! ఇంక తల దించుకోండి,” అనిరి షీబా గారు.

భూలోకవాసులారా, చాటించుచున్నాను, వినుడు! ఆనాడు బందరు పురమున, ధూళికణ సహితమగు పొట్టి లెన్సుతో, రుబ్బురోలు వంటి ప్రిజముతో, ఎలీషా గారు స్త్రీల సమాజపు సమస్త నేత్రములను తెరిపించి జయించిరి. ప్రభావతమ్మ గారి యెడమకన్ను మాత్రము, ఎందుకైనను మంచిదని, ప్రార్థనలోనే యుండెను.