బాలనాగమ్మ మాట విన్న మోటారు

వీపనగండ్ల దగ్గరి చేనులో మాసయ్య పల్లిచెట్లు పీకించి ఎండకు పరిచాడు. తడవకుండా ఎండితే ఏడాది కష్టం దక్కినట్టే. "మబ్బు పడ్తుంది, కాయ మీద కప్పనీకి వనపర్తిల పట్ట కొనుక్కరా" అంది పొద్దున్నే భార్య బాలనాగమ్మ. మాసయ్య ఊ అనలేదు, ఆ అనలేదు. బస్సెక్కాడు. చెడ్డవాడు కాదు పాపం, బదులు చెప్పే అలవాటు లేదంతే. అదెంత బాధో పక్కనున్నవాళ్లకే తెలుస్తుంది.

బోరు మోటారుకు కొత్తగా ఫోన్‌తో నడిచే డబ్బా పెట్టించారు. దానికి ఫోన్ చేస్తే తనే ఎత్తుతుంది. ఒకటి నొక్కితే మోటారు నడుస్తుంది, మూడు నొక్కితే ఆగుతుంది. ఇంజనీరింగ్ చదివే కూతురు సుహాసిని ఆ నంబరును, డబ్బా ఫోటోతో సహా, తల్లి ఫోన్‌లో పెట్టింది. ఫోటోలో డబ్బాకు అడ్డంగా మాసయ్యే నిలబడి ఉన్నాడు. చదువు రాని బాలనాగమ్మ ఆ ఫోటో చూసి, మొగుడికే అనుకుని ఫోన్ కలిపింది.

అవతల ఎత్తారు గానీ మాట లేదు.

"ఏమయ్యా, పట్ట కొన్నవా? నోట్లె నాలుక లేదా?" అని గొంతు పెంచింది. కాసేపటికి పక్క చేను శాంతయ్య ఫోన్ చేశాడు.

"వదినా, మీ మోటరు నడుస్తుంది! నీళ్లు కాయ దిక్కు వస్తున్నయ్!"

పీకేముందు నేల తడిపిన పైపు ఇంకా అటే ఉంది. ఆమె మళ్లీ ఆ ఫోటోనే నొక్కి, "మోటరెందుకు పెట్టినవ్? జల్ది బంద్ చెయ్యి!" అని అరిచింది.

"బందైంది వదినా" అని శాంతయ్య మళ్లీ ఫోన్ చేసి చెప్పాడు.

పెళ్లయ్యాక మొగుడు ఒక్క మాటకే విన్నది ఇదే మొదలు. ఆ సంతోషం పట్టలేక మళ్లీ ఫోన్ చేసింది. "జరమొచ్చి పండుకుంటే ఎట్లున్నవని అడిగినవా? నేను గోడతోని మాట్లాడుతున్ననా ఇన్నేండ్ల సంది?" అంటూ ఏడ్చేసింది. మోటారు మళ్లీ నడిచింది.

శాంతయ్య ఫోన్‌లో పెట్టిన కేకలకు చేనుకు పరుగెత్తి ఆమే ఫీజు పీకింది. ఒక మూల తడిసింది, మిగతాది దక్కింది. అంతలో మాసయ్య భుజాన పట్టతో దిగాడు, వెనకే కాలేజీ నుంచి వచ్చిన సుహాసిని.

"ఫోన్ల అన్ని చెప్పిన గద, మళ్ల మోటరెందుకు పెట్టినవ్?"

"నాకు నీ ఫోనే రాలే."

సుహాసిని ఫోన్ చూసి నవ్వాపుకోలేకపోయింది. "అమ్మా, నువ్వు చేసింది మోటరుకు! ఒక్కో నంబరు నొక్కితే రెండు స్వరాలు కలిసి పోతయి. డబ్బకు మాటలు తెల్వవు, ఆ స్వరాలే తెలుసు. నీ అరుపుల, ఏడుపుల గవే పలికినట్లున్నయ్."

"నేను చెప్పినయన్ని అది విన్నదా?"

"మొత్తం విన్నది."

మాసయ్య భుజాన ఉన్న పట్ట దించి ఆమె పక్కన కూర్చున్నాడు. "ఏమేం చెప్పినవ్?" అని మెల్లగా అడిగాడు.

మనసు బాగాలేనప్పుడు బాలనాగమ్మ ఇప్పటికీ మోటారుకే ఫోన్ చేస్తుంది; కాయ ఎండే రోజుల్లో మాత్రం మాసయ్యే కూర్చుని వింటాడు.