కాంతి దర్శనం

"కాంతి ఇవాళ హాలిఫాక్స్ తెలుగువాళ్ళ చేతికి చిక్కింది!" అని మా సంఘం అధ్యక్షులు కోదండరామ్ గారు మైకులో ప్రకటించారు. కార్యదర్శిని కనుక మొదటి చప్పట్లు నావే!

ఆ ఏడాది కెనడాలోని మా ఊళ్ళో ఏ బస్సెక్కినా మన విద్యార్థులే. వాళ్ళలో ఒక శాస్త్రవేత్తను వెతికి సన్మానించాలని సంఘం తీర్మానించింది. దొరికింది చంద్రకళ. పీహెచ్‌డీ చేస్తోంది. చిప్ అనే చిన్న గాజు పలక మీద, వెంట్రుకలో వందో వంతు మందం కూడా లేని సిలికాన్ స్తంభాలు బారులు తీర్చి నిలబెడుతుంది. పడిన వెలుతురు వాటి మధ్య కాసేపు చిక్కుకుంటుంది. మసకగా మెరిసే అణువు అక్కడ ధగధగలాడుతుంది. దాంతో రక్తపు బొట్టులో రోగాన్ని ముందే పసిగట్టవచ్చట.

"ఆ చిప్ సభకి తీసుకురామ్మా," అన్నారు అధ్యక్షులు.

"వేలు తగిలితే రెండేళ్ళ పని పోతుందంకుల్. పైగా లేజర్ వేసి మైక్రోస్కోప్‌లో చూస్తేనే కనిపిస్తుంది."

"మావాళ్ళంతా డాక్టర్లూ ఇంజినీర్లూనమ్మా! వాళ్ళకి మైక్రోస్కోప్ ఎందుకు?"

సభలో పూలపళ్ళెంలో గాజుముక్క వచ్చింది. "అంకుల్, ముందు ఒక్క మాట..." అంది చంద్రకళ.

"ముందు దర్శనం, తర్వాతే ప్రసంగం!"

డాక్టర్ సుబ్బరాజు గారికి నీలం కనిపించింది. ఆయన భార్య సరోజ గారికి ఆకుపచ్చ. అధ్యక్షులు బొటనవేలితో నొక్కి, "స్పందిస్తోంది!" అన్నారు. నేను మినిట్స్‌లో "ఏడు రంగులు" అని రాశాను.

చివరికి చంద్రకళకు మైకు దొరికింది.

"సారీ అండీ. అసలు చిప్ ల్యాబ్‌లోనే ఉంది. పాడవుతుందని భయమేసి మామూలు గాజుముక్క తెచ్చాను. ముందే చెబుదామనుకున్నా..."

అధ్యక్షులు తేరుకుని, "మాకు తెలుసమ్మా! నిన్ను పరీక్షించాం," అన్నారు.

పాపం, ఆ పిల్ల కళ్ళు చెమ్మగిల్లాయి. "శనివారం ల్యాబ్‌కి రండి, నిజంది చూపిస్తా," అని అందర్నీ పిలిచింది.

డాక్టర్లకు డ్యూటీలు, ఇంజినీర్లకు మీటింగులు. వెళ్ళింది సరోజ గారూ నేనూ. ఆవిడ మైక్రోస్కోప్‌లో చాలాసేపు చూసి, సిగ్గుపడుతూ, "నాకేం కనపడట్లేదమ్మా. ఆ రోజూ కనపడలేదు," అన్నారు.

ఇంత చదువుకుని ఇదేం మాట! నేను కన్ను ఆనించి, "ఆహా, ఏం వెలుగు!" అన్నాను.

చంద్రకళ సరోజ గారి చెయ్యి ఆప్యాయంగా పట్టుకుంది.

"మీరే కరెక్ట్ ఆంటీ. లేజర్ ఇంకా ఆన్ చెయ్యలేదు."