పద్దెనిమిది అంకెల ఆశీర్వాదం

కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఊటీ దేనికండీ? ఒక కంప్లైంట్ నంబరు చాలు!

పెళ్ళికి మా అన్న కానుకగా ఇచ్చిన ఫ్రిజ్ చెడిపోయింది. అత్తగారు మా కాపురం చూడటానికి వచ్చేలోపు అది చల్లబడకపోతే మా పుట్టింటి పరువు కరిగి నీరవుతుందని నా బెంగ. కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్ళు మనిషిని పంపలేదు, నంబరు పంపారు: 524318109267312360.

మొదట ఒళ్ళు మండింది. కానీ బీఎస్సీ లెక్కలు చదివినదాన్ని కదా, రెండోసారి చూడగానే మనసు పారేసుకున్నాను.

ఇది సంయుక్త సంఖ్య! ప్రధాన సంఖ్య ఉందే, అది మొండి బ్రహ్మచారి. ఒకటిని తప్ప ఇంకెవర్నీ గడప తొక్కనివ్వదు. మరి ఇదో? ఉమ్మడి కుటుంబం! ఒకటి నుంచి పదిహేను దాకా ఎవరొచ్చి భాగించినా శేషం మిగల్చకుండా తృప్తిగా వెళ్తారు. మూడేసి అంకెలుగా విడదీసి, ఒకటి విడిచి ఒకటి కూడి చూడండి. ఇటు 945, అటు 945! ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ ఇంత సమానంగా ఉన్న పెళ్ళి మీరెక్కడైనా చూశారా?

శనివారం పొద్దున మా వారు సుశీల్ మైపాడు వెళ్ళి వంజరం చేప తెచ్చారు. అలవాటుగా ఫ్రిజ్‌లో పెట్టి, నా పక్కన కూర్చుని నంబరును పదహారుతో భాగించారు. ఎనిమిది మిగిలింది. నా మొహం వాడిపోయింది.

"పోనీలే అబీ," అని నన్ను ఓదార్చారు, "చెరి నాలుగూ తీసుకుందాం."

ఇంతకన్నా ప్రేమ ఉంటుందా? ఫ్రిజ్ వెంటనే బాగుచేసే కంపెనీలు ఎన్ని కాపురాలకి ఈ ముచ్చట దూరం చేస్తున్నాయో!

మధ్యాహ్నం అత్తగారు ఎలిశబెతమ్మ ఉపవాస కూటం ముగించుకుని, బుచ్చిరెడ్డిపాలెం నుంచి నేరుగా దిగారు. ఆ సమయానికి నేను స్పీకర్ పెట్టి, కంపెనీ మెషీన్‌కి నంబరు గట్టిగా చదువుతున్నాను. మా చర్చిలో ఎవరైనా గట్టిగా నంబరు చదివారంటే పాట మొదలవబోతోందని అర్థం. అత్తగారు గబగబా కళ్ళజోడు పెట్టుకుని కీర్తనల పుస్తకం తిప్పసాగారు.

"ఎన్నో పాట అన్నావమ్మాయ్? దీంట్లో అన్ని లేవే! కొత్త పుస్తకం అచ్చేసినారా ఏంది?"

ఇంతలో మెషీన్ అంది: "మీ సమస్య తీరితే ఏదైనా మాట్లాడండి. తీరకపోతే మౌనంగా ఉండండి."

నేను ఊపిరి బిగబట్టాను. పాట దొరకలేదని అత్తగారు ఊరుకుంటారా? తనకొచ్చిన పాటే ఎత్తుకున్నారు, రెండు వీధులకి వినపడేలా!

"ధన్యవాదాలు. మీ ఫిర్యాదు పరిష్కారమైంది."

చూశారా? బాధ ఉన్నవాళ్ళు నోరు మూసుకోవాలట!

సంగతి తెలిశాక అత్తగారు ఫ్రిజ్ తెరిచి చెయ్యి పెట్టారు.

"బయటికన్నా లోపలే ఉడుకుగా ఉండాదే! మీ అన్న ఇచ్చింది ఫ్రిజ్జా, ఎక్కాల పుస్తకమా?"

అంటూనే వంజరాన్ని పక్కింటి మదార్‌బీ ఫ్రిజ్‌కి మోసుకెళ్ళారు. మా పరువూ దానితోపాటే గోడ దాటింది.

మళ్ళీ ఫిర్యాదు చేశాను. కొత్త నంబరు వచ్చింది. ఈసారి పందొమ్మిది అంకెలు! సుశీల్ ఆశగా పెన్ను తీశారు. నేను లాక్కున్నాను.

కంపెనీవారూ, మీ సంఖ్యలు అందమైనవే, కాదనను. ఈసారి మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషిని పంపండి. ఆయనకి రెండో ఎక్కం రాకపోయినా సరే, కూర్చోబెట్టి చేపల పులుసుతో అన్నం పెడతాను.